ఎర్రముడి వత్తి

ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి

గాలి: తూర్పు, మెత్తగా. లంగరు తాళ్ళు: నాలుగూ గట్టివే. నీళ్ళు:

నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగిపోయింది. రోజూ "కంపెనీ జల్లెడ నుంచి ఒక బిందె, తర్వాత తాళం పడింది" అని రాసే చేయి ఇది. ఇవాళ ఏం రాయాలో తెలుసా? మా నీళ్ళు! మా సొంత నీళ్ళు! మా పైడి చేసిన నీళ్ళు!

సముద్రం మీద తేలే మా తెప్పల ఊరు తేలూరులో ప్రతి తెప్పకీ దినచర్య రాయాలి. గాలి, తాళ్ళు, నీళ్ళు, ఈ మూడు ముక్కలు చాలు. మా తెప్ప మీద తీరిక ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి అయిదో తరగతి చదువుతోనే ఈ పని నాకు దక్కింది. మూడు ముక్కలతో ఊరుకోవడం ఇవాళ నా వల్ల కాదు. నా కడుపు నిండిపోయింది.

పైడి అంటే మా ఒక్కగానొక్క కూతురు, ఓలేటి పైడితల్లి. ఊళ్ళో ఎండపలకలు పాడైతే బాగుచేసేది అదే. మా తెప్ప అంచున ఒక పాత ఎండపెట్టె ఉంది. పైన అద్దం, లోపల నల్లగుడ్డ. ఒక వత్తి సముద్రంలోంచి ఉప్పునీళ్ళు పీల్చి గుడ్డని తడుపుతుంది. ఎండకి అది ఆవిరై, అద్దానికి పట్టి, కిందికి జారి మంచినీళ్ళవుతుంది. ఇదేం కొత్త సంగతి కాదు, మా తాతలనాటిది. దాని జబ్బల్లా మధ్యాహ్నానికే వత్తి ఉప్పుపట్టి రాయైపోవడం. గీకలేక చేతులు పుళ్ళు పడి, అందరూ పెట్టెలు మూలకి నెట్టి, ఉప్పునీళ్ళు వడగట్టే సాగరధార కంపెనీ జల్లెడలు అద్దెకి తెచ్చుకున్నారు. అద్దె అందితే తాళం తెరుచుకుంటుంది, లేకపోతే లేదు.

మా తల్లి ఆ వత్తినే మార్చేసింది. నాచు పీచుతో మూడు పేటలు. రెంటికి కుడి పురి, ఒకదానికి ఎడమ పురి. కొసన కుచ్చులు వదిలి పెట్టె బయటికి వేలాడదీసింది. ఉప్పు మధ్యలో ఆగడంలేదు! పేటల వెంట నడుచుకుంటూ కుచ్చుల్లోకి పోయి, అక్కడ తెల్లగా పూసి, గాలికి రాలి మళ్ళీ సముద్రంలో పడుతోంది. సాయంత్రందాకా పక్కనే కూర్చుని చూశాను. చూసి చూసి అరిచాను.

"ఏటయ్యా ఆ కేకలు? తెప్ప మునిగిపోతందనుకున్నాను" అంటూ మా ఆవిడ ఎర్నమ్మ పరిగెత్తుకొచ్చింది.

"ఉప్పు రాలుతోందే! దానంతటదే రాలుతోంది!"

"రాలితే రాలనీ. గుంట నిద్దరపోతంది, మెల్లిగా మాటాడు."

నిద్రపోతోంది నా తల్లి, పెట్టె పక్కనే, వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని. ఆరేళ్ళబట్టి ఆ వేళ్ళు అలాగే ఉన్నాయి.

ఆశ్వయుజ పౌర్ణమి

గాలి: ఆగ్నేయం. పెద్ద పోటు, తాళ్ళు బిగుసుకున్నాయి. నీళ్ళు: మావే, బిందె నిండా.

పొద్దున లాంచీలో పైడి గట్టుకి బయల్దేరింది. గట్టంటే నేల ఉన్న ఊరు. కచేరీలూ కోర్టులూ అన్నీ అక్కడే. పేటెంటు కోసం దరఖాస్తు వేయడానికి వెళ్ళింది.

"పేటెంటంటే ఏమిటమ్మా?" అని అడిగాను.

"ఇది నేను కనిపెట్టానని సర్కారు ఒప్పుకోవడం నాన్నా. కొన్నేళ్ళపాటు నా మాట లేకుండా ఇంకెవరూ చేసి అమ్మకూడదు. దానికి బదులు నేను ఎలా చేశానో దాచకుండా రాసివ్వాలి. గడువు తీరాక అందరిదీ అయిపోతుంది."

"బాగుంది కదా! నీదీ అవుతుంది, అందరిదీ అవుతుంది."

"బాగుంది గానీ ఒకటుంది. దరఖాస్తు పడేదాకా ఇది లోకానికి కొత్తగా ఉండాలి. ఎవరికీ తెలియకూడదు. ఎవరికీ చెప్పకు."

"నేనెవరికి చెబుతానమ్మా!"

ఎర్నమ్మ చేపలు ఆరేస్తూ నవ్వింది. "మీ నాన్న నోటికి లంగరు లేదే. నువ్వు పుట్టిన్నాడు మూడు పడవలు ఆపి చెప్పాడు. అందులో ఒకటి సుంకం వాళ్ళ పడవ."

లాంచీ కనుమరుగయ్యేదాకా చేయి ఊపాను. అంతకుముందే దాని పక్కన కూర్చున్నాయనతో "మా అమ్మాయి చాలా గొప్ప పని మీద వెళుతోంది, కాస్త చోటివ్వండి" అన్నాను. ఏం పనో మాత్రం చెప్పలేదు. చూశారా, లంగరు వేశాను!

ఆశ్వయుజ బహుళ విదియ

గాలి: ఉత్తర ఈశాన్యం, పెరుగుతోంది. తాళ్ళు: జంట వేయాలి. నీళ్ళు: మూత కట్టేశాను.

మధ్యాహ్నం తుఫాను జెండా ఎగరేశారు. ఎదురుగాలికి పైడి ఎక్కిన లాంచీ ఇంకా గట్టు చేరలేదట. పాత దీపస్తంభం చాటున ఆగిపోయిందని రేడియోలో చెప్పారు. అందరూ క్షేమమే. గుండె కుదుటపడింది.

ఇక మా తాళ్ళ సంగతి. ఒక్క తెప్ప తుఫానుకి నిలబడదు. మా తెప్పకి చుట్టూ కట్టిన తెప్పలవాళ్ళని తాడుచుట్టాలంటాం. వాళ్ళ తాడు మా గుంజకి, మా తాడు వాళ్ళ గుంజకి. ఒకడు వదిలాడా, మిగతావాళ్ళూ పోయినట్టే. రక్తసంబంధం కన్నా పై మాట అది. అందుకే తేలూరులో తొలిపంచుడు ఉంది. కొత్త వలలో పడ్డ మొదటి చేపైనా, తీగకి కాసిన మొదటి ఆనపకాయైనా తాడుచుట్టాలకి పంచాకే మనం తినాలి. ఊరికే పంచితే సరిపోదు, ఎక్కడ దొరికిందో, ఎలా అయిందో చెప్పి మరీ ఇవ్వాలి. చెప్పకుండా ఇచ్చింది ముష్టి, పంచుడు కాదు.

మరి అయిదు రోజులుగా మా నీళ్ళు మేం పంచకుండా తాగుతున్నాం.

మొదట జంట తాడు పట్టుకుని వచ్చింది పక్క తెప్ప సూరప్పడు బావ. నడుముకి తాడు చుట్టుకుని, ఆ వయసులో ఉప్పునీళ్ళలో దిగి, మా గుంజకి ముడి వేస్తున్నాడు. పైన నేను, నా వెనకాల దుప్పటి కప్పిన ఎండపెట్టె. నాకు మొహం చెల్లలేదు. ఒక చేత్తో దాస్తూ ఇంకో చేత్తో నా తెప్ప కాయమని ఎలా అడగను?

పైడి ఎవరికీ చెప్పకన్నది పరాయివాళ్ళ గురించి. తాడుచుట్టాలు పరాయివాళ్ళెలా అవుతారు? అలా అనుకోగానే మనసు తేలికైపోయింది. దుప్పటి తీసేశాను.

అందరినీ పిలిచాను. పైడి అల్లి పెట్టిన వత్తులన్నీ పంచాను. మా తాళ్ళ పనివాళ్ళు ఎవరి తాడు కొసకి వాళ్ళ ముడి వేస్తారు కదా, అలాగే ప్రతి వత్తి కొసకీ ఎర్రదారంతో మూడు చుట్లు, ఒక ఉచ్చు వేశాను. "ఇది మా పైడి వత్తి. ఈ ఎర్రముడి మా పైడిది" అని చెప్పాను. పీచు ఎలా నానబెట్టాలో, ఏ పేటకి ఏ పురో, కుచ్చు ఎంత వదలాలో చేసి మరీ చూపించాను. ఓహ్, వాళ్ళ మొహాలు చూడాలి! సూరప్పడు బావ తడిబట్టలతోనే నన్ను కావలించుకున్నాడు. "ఒరే నూకరాజూ, నీ కడుపున ముత్యం పుట్టిందిరా" అన్నాడు. ఆ మాటకి నేను ఏడ్చేశాను.

తుఫాను రానీ. ఇవాళ నా తెప్పని ఎవడు కదుపుతాడో చూస్తాను.

ఆశ్వయుజ బహుళ సప్తమి

గాలి: తగ్గింది. తాళ్ళు: ఒకటి తెగింది, మిగతావి నిలబెట్టాయి. నీళ్ళు: మావే.

ఇది ఎలా రాయను.

పైడి మధ్యాహ్నం లాంచీ దిగింది. నల్లబడిపోయింది, నీరసించిపోయింది, కానీ మొహం వెలుగుతోంది. నిన్ననే దరఖాస్తు వేసిందట. గట్టు మీద ఇందుమతి గారని పేటెంటు ఏజెంటు ఉన్నారు. దరఖాస్తు రాసిపెట్టింది ఆవిడే. "ఇది ముందే ఎవరికైనా చూపించారా అని ఆవిడ గుచ్చి గుచ్చి అడిగారు నాన్నా. లేదండీ, మా అమ్మానాన్నలకి తప్ప ఎవరికీ తెలియదన్నాను."

నేను ఉత్సాహం పట్టలేక చెప్పేశాను. తుఫాను వేళ పంచుడు చేశాననీ, ఊరంతా నిన్ను పొగుడుతోందనీ, సూరప్పడు బావ ఎలా కావలించుకున్నాడో కూడా చెప్పాను.

అది చేతిలో సంచి కింద పెట్టింది. నా మొహంకేసి చూసింది.

"ఎలా చేస్తారో కూడా చెప్పావా నాన్నా?"

"చెప్పకపోతే పంచుడెలా అవుతుందమ్మా?"

అది వెళ్ళి ఎండపెట్టె దగ్గర, నాకు వీపు పెట్టి కూర్చుంది. ఎర్నమ్మ వెళ్ళి దాని పక్కన కూర్చుంది. 

కార్తీక శుద్ధ చవితి

గాలి: లేదు. తాళ్ళు: కొత్తది వేశాను. నీళ్ళు: ఉన్నాయి, గొంతు దిగడంలేదు.

ఇందుమతి గారు స్వయంగా తేలూరు వచ్చారు. సన్నగా, కళ్ళజోడుతో, పడవ దిగుతూనే చెప్పులు చేత్తో పట్టుకున్నారు. మంచి మనిషి, ఏదీ దాచి చెప్పే రకం కాదు.

"నూకరాజు గారూ, పేటెంటుకి ప్రాణం కొత్తదనం. దరఖాస్తు పడేనాటికి ఆ సంగతి బయటివాళ్ళకి తెలిసుంటే అది కొత్తది కాదు. చెప్పింది కనిపెట్టినావిడ తండ్రే అయినా సరే."

"మరి నేను దొంగతనం చేయలేదు కదమ్మా. మా అమ్మాయిదని చెప్పే ఇచ్చాను."

"ఎవరిదో అందరికీ తెలుసండీ. కొత్తదా కాదా అన్నదే చట్టం అడిగేది."

అంతటితో పోలేదు. కంపెనీవాళ్ళు కూడా ఇదే వత్తికి దరఖాస్తు వేశారట, తదియ నాడు! నేను పంచిన మర్నాడు. మా అమ్మాయి దీపస్తంభం చాటున వణుకుతూ కూర్చున్న రోజు. మొదట వేసినవాళ్ళది ముందు చూస్తారు. అది నిలబడితే, తన వత్తిని తను అల్లుకోవడానికి పైడి కంపెనీని అడుక్కోవాలి. ఊళ్ళో ఎండపెట్టెలన్నిటికీ కంపెనీ తాళం పడుతుంది.

కంపెనీకి ఎలా తెలిసిందో సాయంత్రం తేలింది. సూరప్పడు బావ మా తెప్పకి వచ్చాడు గానీ పైకెక్కలేదు, నీళ్ళలో పడవలోనే నిలబడ్డాడు.

"జల్లెడలకి తుఫాను తాళాలెయ్యడానికి కంపెనీ మెకానిక్కు వచ్చాడ్రా. ఇదేటి అనడిగాడు. పంచుడు సొమ్ము కదా, అడిగినోడికి సెప్పాలి కదా, సెప్పాను. ఆడు ఆ రేత్రికే రేడియోలో గట్టుకి సెప్పేశాడంట. నేను సెప్పకుండా ఉండాల్సిందా?"

"లేదు బావా. నువ్వు సరిగ్గానే చేశావు" అన్నాను. పంచుడు లెక్కన సరిగ్గానే చేశాడు. వాడూ సరిగ్గానే చేశాడు, నేనూ సరిగ్గానే చేశాను. మునిగింది మాత్రం నా కూతురు.

కార్తీక పౌర్ణమి

గాలి: ఈశాన్యం. పెద్ద పోటు. తాళ్ళు: చూశాను. నీళ్ళు: ఉన్నాయి.

కంపెనీ మేనేజరు భార్గవ్ వచ్చాడు. తెల్లచొక్కా, నోట్లో అల్లంముక్క. తెప్ప ఊగినప్పుడల్లా గుంజ పట్టుకుంటున్నాడు. ఎర్నమ్మ పీట వేసి, "కూకో బాబూ, కక్కేలా ఉన్నావు" అంది.

అతను మాట్లాడినంతసేపూ పైడితోనే మాట్లాడాడు. విచారణ వరకూ వెళితే ఎవరికి లాభం? కంపెనీ దరఖాస్తులో పైడి పేరు కూడా చేరుస్తారట. గట్టు మీద ఉద్యోగం, పెద్ద పనిశాల, కింద నలుగురు మనుషులు. పేటెంటు ఇద్దరిదీ. వత్తి మాత్రం కంపెనీ తాళం వేసిన పెట్టెల్లోనే వస్తుంది.

"ఒక్కటే షరతు. ఆ తుఫాను రోజు ఏదో జరిగిందంటున్నారే, అది జరగలేదు. ఎవరూ ఎవరికీ ఏమీ పంచలేదు. పెద్దాయనా, మీకు అభ్యంతరం లేదు కదా?"

 నేను నోరు మూసుకుంటే చాలు, నా కూతురి పేరు మళ్ళీ పైకి తేలుతుంది! బతుకంతా మాట్లాడి చెడగొట్టినవాణ్ణి, ఒక్కసారి మాట్లాడకుండా బాగుచేయగలను.

"నాకేం గుర్తులేదు బాబూ. తుఫాను కదా, తాళ్ళ పనిలో ఉన్నాను" అన్నాను.

పైడి చురుక్కున నాకేసి చూసింది. ఇన్నాళ్ళకి మళ్ళీ నా మొహం చూడటం అదే. "ఆలోచించుకుని చెబుతాను" అంది అతనితో.

అతను పోయాక నేనే దాని దగ్గరికి వెళ్ళాను. "ఒప్పుకో అమ్మా. ప్రమాణం చేయించినా సరే, పంచలేదనే చెబుతాను. నాలుక కొరుక్కుని కూర్చుంటాను."

అది నాచు పీచు నానబెడుతూ ఉండిపోయింది. దానికి ఆ పనిశాల కావాలి. ఎందుకు కాకూడదు? ఆరేళ్ళు తెప్ప అంచున ఎండలో చేసిన పని. అది ఆశపడటం కళ్ళారా చూశాను.

కార్తీక బహుళ షష్ఠి

గాలి: ఉత్తరం, చలి. తాళ్ళు: సరే. నీళ్ళు: మావి ఉన్నాయి. పక్కవాళ్ళవి లేవు.

పొద్దున కంపెనీ మెకానిక్కు నోటీసు పట్టుకుని తెప్పతెప్పకీ తిరిగాడు. విచారణ తేలేదాకా ఎవరూ ఆ వత్తి వాడకూడదట. పైడి దరఖాస్తు కూడా ఉందని మా పెట్టె ఒక్కటే వదిలి, సూరప్పడు బావ వాళ్ళ పెట్టెలోంచి వత్తి లాగేశాడు. లాగిన చోట నల్లగుడ్డ అరగంటలో ఎండి తెల్లబడిపోయింది. బావ కోడలు నెల రోజుల పసిదాన్ని ఎత్తుకుని, ఖాళీ బిందె పట్టుకుని కంపెనీ జల్లెడ దగ్గర నిలబడింది. తాళం తెరుచుకోలేదు.

పైడి మా అంచు మీద నిలబడి అదంతా చూసింది. తర్వాత మా బిందె ఎత్తి పడవలో పెట్టుకుంది.

"నాన్నా, తాడు పట్టుకో."

ఇన్ని రోజుల తర్వాత నాతో దాని మొదటి మాట అది. పట్టుకున్నాను. పైడి వెళ్ళి బావ కోడలి బిందె నింపి వచ్చి, తాడు చుడుతూ, నాకేసి చూడకుండా అంది:

"విచారణలో నిన్ను అడుగుతారు. ఆ రోజు ఏం పంచావో, ఏం చెప్పావో అంతా చెప్పు. ఒక్క ముక్క వదలకు."

"చెబితే నీ దరఖాస్తు పోతుంది కదమ్మా!"

"వాళ్ళదీ పోతుంది. ఆ రోజు ఇది లోకానికి తెలిసిపోయిందంటే, ఆ తర్వాత వేసిన దరఖాస్తు ఎవరిదైనా ఒకటే. ఇందుమతి గారిని అడిగాను."

"మరి నీ పేరు?"

అది పెదవి కొరికింది. "నా పేరు పోతే పోనీ. తాళం పడకూడదు."

ఎర్నమ్మ వంటదగ్గర నుంచి అంది: "ఏటమ్మా, నీ అయ్యని నోరు తెరవమని బతిమాలే రోజు కూడా వచ్చింది." ఎవరికీ నవ్వు రాలేదు, అన్న ఆవిడకి కూడా.

కార్తీక బహుళ అష్టమి

గాలి: పట్టించుకోలేదు. తాళ్ళు: ఎర్నమ్మ చూసింది. నీళ్ళు: ఉన్నాయి.

విచారణ తేలూరులోనే, సమావేశం తెప్ప మీద జరిగింది. అధికారి గారు గట్టు నుంచి వచ్చారు, తెల్లజుట్టు, నిదానం మనిషి. తాడుచుట్టాలందరూ వచ్చారు. ఈ దినచర్య చూపిస్తానని మోసుకెళ్ళాను. "మీ చేత్తో మీరు రాసుకున్నది సాక్ష్యం కాదండీ" అని ఇందుమతి గారు సంచిలో పెట్టించేశారు.

అధికారి గారు అడిగారు: "తదియకి ముందు ఈ వత్తి ఎవరికైనా తెలుసా?"

లేచి నిలబడ్డాను. పెళ్ళిళ్ళలో, పడవల్లో, సంతల్లో ఎక్కడ నిలబెడితే అక్కడ మాట్లాడేవాణ్ణి, మాట రాలేదు. నేను చెప్పే ప్రతి మాటా నా కూతురి ఆరేళ్ళని సముద్రంలో పారబోయడమే. దానికేసి చూశాను. తల ఊపింది.

చెప్పాను. తుఫాను జెండా దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పాను. పీచు నానబెట్టడం, రెండు కుడి పురి, ఒకటి ఎడమ పురి. చేతులతో అక్కడే అల్లి చూపించాను. ఎర్రముడి ఎలా వేశానో కూడా చూపించాను. అల్లుతుంటే ఆ రోజు ఆనందం మళ్ళీ చేతుల్లోకి వచ్చేసింది, సిగ్గులేని చేతులు! కళ్ళు మాత్రం కారుతూనే ఉన్నాయి.

భార్గవ్ లేచాడు. "అయ్యా, ఇది ఇంట్లో మాట. తాడుచుట్టాలంటే ఈయనకి సొంతవాళ్ళు. రక్తసంబంధం కన్నా ఎక్కువని వీళ్ళే అంటారు. సొంతవాళ్ళ చెవిలో వేసింది లోకానికి చెప్పినట్టెలా అవుతుంది?"

అధికారి గారు నన్ను చూశారు. "వీళ్ళు మీకు సొంతవాళ్ళేనా?"

అవునంటే భార్గవ్ మాటే నిలబడుతుందని తెలుసు. కాదని వాళ్ళ మొహం మీద ఎలా అనను? ఆ రోజు నా తెప్పని పట్టుకున్న చేతులు ఎదురుగా ఉన్నాయి.

"సొంతవాళ్ళే బాబూ. కాదనను. కానీ పంచుడు సొమ్ము పుచ్చుకున్నవాడు దాచుకోకూడదు. ఎవరడిగినా చెప్పాలి. శత్రువు అడిగినా చెప్పాలి. అది మా కట్టుబాటు."

"అడిగినవాళ్ళెవరైనా ఉన్నారా?"

సూరప్పడు బావ లేచాడు.  "ఉన్నాడు బాబూ. అదిగో, ఆ మెకానిక్కు బాబే. విదియ నాడు మా తెప్ప మీద అడిగాడు. నేనే అల్లి సూపించాను. ఎడం పురి రాకపోతే రెండుసార్లు సూపించాను."

అందరూ మెకానిక్కుకేసి తిరిగారు. అధికారి గారు ఒక్కటే అడిగారు: "నిజమేనా?" అతను మేనేజరుకేసి చూశాడు, చేతిలో అల్లంముక్కకేసి చూస్తున్నాడు మేనేజరు. "నిజమేనండీ" అన్నాడు మెకానిక్కు. "రెండుసార్లు చూపించాడు."

భార్గవ్ తెప్ప అంచుకి పరిగెత్తి కక్కుకున్నాడు. అది సముద్రం వల్లేననుకుంటాను, పాపం.

మార్గశిర శుద్ధ ఏకాదశి

గాలి: ఉత్తరం. తాళ్ళు: గట్టివి. నీళ్ళు: ఊరందరివీ.

తీర్పు వచ్చింది. రెండు దరఖాస్తులూ కొట్టేశారు. ఆ వత్తి ఇక ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా చేసుకోవచ్చు. ఊళ్ళో మూలపడ్డ ఎండపెట్టెలన్నీ మళ్ళీ ఎండలోకి వచ్చాయి. డప్పులు కొట్టారు. మా పైడిని పడవలో కూర్చోబెట్టి ఊరంతా తిప్పారు. అది నవ్వుతూనే ఉంది. ఇంటికొచ్చాక ఆ తీర్పు కాగితం మడిచి చాప కింద పెట్టి, పీచు నానబెట్టడానికి కూర్చుంది. ఆ వీపు చూసి నేను డప్పుల దగ్గరికి వెళ్ళలేకపోయాను.

పుష్య శుద్ధ సప్తమి

గాలి: మెత్తగా. తాళ్ళు: గట్టివి. నీళ్ళు: నిండుగా.

తీర్పు వచ్చినప్పటినుంచీ పైడి వత్తులు అల్లి, ఎర్రముడి వేసి అమ్ముతోంది. ఇప్పుడు కొత్త తలనొప్పి. నాలుగు రోజుల కిందట దక్షిణం తెప్పలవాళ్ళు కోపంగా వచ్చారు. "మీ పైడి వత్తి కొన్నాం, వారానికే ఉప్పుపట్టి రాయైంది" అని విసిరికొట్టారు. చేతిలోకి తీసుకోగానే తెలిసింది, అది మాది కాదు. మూడు పేటలకీ ఒకే పురి, మరమీద తిప్పింది. కొసన మాత్రం ఎర్రదారంతో మూడు చుట్లు, ఒక ఉచ్చు! కంపెనీ సరుకు!

"చేసుకోవడానికి ఎవరికైనా హక్కుందన్నారు కదా, మనమేం అంటాం?" అన్నాను నీరసంగా.

పైడి ఆ దొంగ వత్తిని పట్టుకుని గట్టుకి వెళ్ళింది. ఇవాళ ఇందుమతి గారిని వెంటబెట్టుకుని వచ్చింది.

"వత్తి ఎవరైనా చేసుకోవచ్చు నూకరాజు గారూ. కానీ ఈ ఎర్రముడి, 'పైడి వత్తి' అన్న పేరు, అవి వేరు. జనం ముడి చూసి మీ అమ్మాయి పనితనాన్ని నమ్మి కొంటున్నారు. అది ట్రేడ్‌మార్కు. దానికి కొత్తదనం అక్కర్లేదు, లోకానికి తెలియకూడదన్న బెంగా లేదు. ఎంతమందికి తెలిస్తే అంత బలం. కొన్నేళ్ళకి గడువు తీరిపోయేది కూడా కాదు, వాడుతూ, నమోదు తిరగరాయించుకుంటూ ఉంటే చాలు."

"ఎంతమందికి తెలిస్తే అంత బలమా? మళ్ళీ చెప్పండమ్మా!"

ఎర్నమ్మ నెత్తి కొట్టుకుంది. "అయిపోయింది. ఇంక ఈ మనిసిని ఎవరాపుతారు."

దరఖాస్తు అక్కడికక్కడే నింపారు. ఒకచోట ఆవిడ కలం ఆపి అడిగారు: "ఈ ముడిని, ఈ పేరుని మొదటిసారి జనంలోకి తెచ్చిన రోజు?"

 ఆ రోజు పేరెత్తడానికే మా ఇంట్లో అందరూ భయపడుతున్నాం.

పైడి చెప్పింది. "ఆశ్వయుజ బహుళ విదియ. తుఫాను జెండా ఎగిరిన రోజు. మా నాన్న తెచ్చాడు."

"సాక్షులున్నారా?"

"తాడుచుట్టాలందరూ."

ఆవిడ రాసుకున్నారు. పైడి నా పక్కకి వచ్చి కూర్చుని, నా చేతిలో ఎర్రదారం పెట్టింది. "నాన్నా, నా చేతికి ఆ ఉచ్చు కుదరడంలేదు. ప్రతి వత్తికీ నువ్వే వేయాలి." వేశాను. చీకటి పడేదాకా వేస్తూనే ఉన్నాను. కళ్ళు మసకబారి రెండు ముడులు పాడుచేశాను, విప్పి మళ్ళీ వేశాను.

పుష్య బహుళ తదియ

గాలి: తూర్పు. తాళ్ళు: గట్టివి. నీళ్ళు: నిండుగా.

పొద్దున్నే పైడి నన్ను లేపింది. కళ్ళు మెరుస్తున్నాయి, వేళ్ళకి మళ్ళీ గుడ్డపీలికలు. "నాన్నా, కొత్తది ఒకటి కుదిరింది. రా, చూపిస్తాను. ముందు నువ్వే చూడాలి."

నా గుండె ఎగిరిపడింది! చూడాలనిపించింది, పరిగెత్తాలనిపించింది, అటు వెళ్ళే పడవనల్లా ఆపాలనిపించింది. రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాను.

"వద్దమ్మా. దరఖాస్తు వేసిరా, అప్పుడు చూపించు."

"నీకు కూడా చూపించకూడదా?"

"నాకు అసలే చూపించకూడదు."

అది పకపకా నవ్వింది. చిన్నప్పటి నవ్వు. మధ్యాహ్నం లాంచీకి తీసుకెళ్ళి ఎక్కించాను. పక్కన కూర్చున్నాయన "ఏం పని మీదండీ?" అని అడిగాడు. నాకేం తెలియదన్నాను. నిజంగానే తెలియదు! సూరప్పడు బావ గట్టిగా అడిగాడు. వాడికీ అదే చెప్పాను. పంచుడు తప్పకుండా చేస్తాను గానీ పైడి వచ్చి చెప్పిన రోజున చేస్తానన్నాను. వాడు గడ్డం గోక్కుని, "సరేరా, అందాకా తాడొదలంలే" అన్నాడు.

దుప్పటి కింద ఏదో ఉంది. నేను అటు చూడటంలేదు.

నోరు: లంగరు వేసి ఉంది.